అమ్మలూ, ముందు ప్రీఫెచ్ ఎంతుందో చూడు

హైదరాబాద్

బిడ్డా,

నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నాక మనసాగలేదు, అందుకే రాస్తున్నా. ఓటీపీలు పండగ ఆఫర్ల మెసేజీల వెనకాల ఇరుక్కుపోతున్నాయని, మెసేజీలను క్యూలో నిలబెట్టి పంపే ర్యాబిట్‌ఎంక్యూ సాఫ్ట్‌వేర్‌లో ఏవి ముందో ప్రయారిటీ అంకె పెట్టినా ఆలస్యం తగ్గలేదని అన్నావు. మీ కోడ్ నేను చూడలేదు గానీ ఈ దెబ్బ నేనూ తిన్నాను.

పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద అంబులెన్సు చిక్కుకుపోవడం నువ్వూ చూసే ఉంటావు. కింద సిగ్నల్ దగ్గరైతే పోలీసాయన చెయ్యెత్తి దానికి దారిస్తాడు. పైకెక్కి ఆగిపోయిన బస్సుల్ని మాత్రం ఎవరూ దించలేరు. ప్రయారిటీ కూడా క్యూలో ఇంకా నిలబడి ఉన్నవాటికే పనిచేస్తుంది, కన్స్యూమర్ (క్యూలోంచి మెసేజీ తీసుకొని పనిచేసే ప్రోగ్రాం) చేతికి వెళ్ళిపోయినవాటిని వెనక్కి పిలవదు. ప్రీఫెచ్‌కి, అంటే కన్స్యూమర్ ముందుగానే తీసి పెట్టుకునే మెసేజీల సంఖ్యకి, హద్దు పెట్టకపోతే వచ్చినవి వచ్చినట్టే అటు వెళ్ళిపోతాయి, ఎంచుకోవడానికి క్యూలో ఏమీ మిగలదు. ఆ అంకె 1కో 5కో దించి చూడు.

ఇంకొకటి. జేఎంఎస్‌లో, అంటే జావా ప్రోగ్రాములు మెసేజీలు పంపుకునే పద్ధతిలో, ప్రయారిటీ 0 నుంచి 9 దాకా, ఏమీ రాయకపోతే 4. ర్యాబిట్‌ఎంక్యూలో క్లాసిక్ రకం క్యూ అయితే ఏమీ రాయకపోతే 0, అంటే అందరికన్నా వెనక. మీరు పాత జావా సిస్టం నుంచి మారారు కదా, సరిచూసుకోండి.

అసలు చెప్పాలనుకున్నది ఇది. ఒకప్పుడు నేను పనిచేసిన చోట చెల్లింపులన్నిటికీ 9 పెట్టాను. తర్వాత మార్కెటింగ్ వాళ్ళు మాదీ ముఖ్యమే అంటే 8 ఇచ్చాను. అలా ఇచ్చుకుంటూ పోతే అడుగున మిగిలినవి పెన్షన్ స్టేట్‌మెంట్లే. నెలాఖరు రద్దీలో అవి కదల్లేదు. నాలుగో రోజు ఒక పెద్దాయన ప్లాస్టిక్ కవర్లో పాత కాగితాలన్నీ పట్టుకొని కౌంటర్ దగ్గరకొచ్చి నిలబడ్డారు. ఆయన మెసేజీ వెతికాను. పోలేదు, పాడవలేదు, క్యూలోనే ఉంది. తప్పు నాదే. ఆ కవర్ ఇప్పటికీ నా కళ్ళముందు మెదులుతుంది.

ఎంతసేపు ఆగినా ఆ క్లాసిక్ క్యూలో ర్యాబిట్‌ఎంక్యూ తనంతట తాను ఏ మెసేజీనీ ముందుకు జరపదు. అందుకే ఆ తర్వాత రెండు వేర్వేరు క్యూలు పెట్టాను. పది వర్కర్లలో (అవీ కన్స్యూమర్ ప్రోగ్రాములే) ఎనిమిది అర్జెంటువాటికి, రెండు మామూలువాటికే. ఎంత రద్దీ ఉన్నా ఆ రెండింటినీ ఎవరికీ ఇవ్వలేదు. కాఫ్కా అనే ఇంకో మెసేజీ సిస్టంలో ప్రయారిటీయే లేదు కాబట్టి అక్కడ ఎలాగూ వేరే టాపిక్‌లు (క్యూల్లాంటివి) పెట్టుకోవాల్సిందే. నువ్వూ ఓటీపీలకు క్యూ వేరు చెయ్యి. గడువు కూడా పెట్టు. కాలం చెల్లిన ఓటీపీ ఆలస్యంగా చేరితే అవతలి మనిషి అదే కొట్టి కొట్టి విసిగిపోతాడు.

మామూలు క్యూలో అన్నిటికన్నా పాత మెసేజీ ఎంతసేపటి నుంచి ఆగి ఉందో చూపించే గ్రాఫ్ ఒకటి పెట్టుకో. క్యూ పొడవొక్కటే చూస్తే ఆ పెద్దాయన నీకు కనబడడు.

శనివారం ఫోన్ చెయ్యి, ప్రీఫెచ్ ఎంత ఉందో చెప్పు. వేళకు తిను.

నాన్న