ఆ అయిదు పౌండ్ల నోటు ఇచ్చినావిడకు, ఆ సాయంత్రం నన్ను ఇల్లు చేర్చిన అందరికీ

అందరికీ నమస్కారం. పోయిన శనివారం సాయంత్రం ఇంగ్లండులో ఈలీ ఊరి అవతల పొలాల్లో సైకిల్ పాడై చిక్కుకుపోయానని గ్రూపులో మెసేజ్ పెట్టాను కదా. ఆ రాత్రంతా "చేరావా అమ్మా", "చేరారా అక్కా" అని అడుగుతూనే ఉన్నారు. "చేరాను" అని ఒక్క ముక్క రాసి పడుకున్నాను. కానీ నన్ను చేర్చినవాళ్ళ గురించి ఒక్క ముక్కతో సరిపెట్టడానికి మనసొప్పలేదు.

రోడ్ బైక్ కొని రెండేళ్ళయింది. శనివారం పిల్లల్ని మా ఆయనకు అప్పజెప్పి కేంబ్రిడ్జి నుంచి ఈ ఫెన్స్ వైపే వెళ్తాను. ఫెన్స్ అంటే ఒకప్పటి చిత్తడిని ఎండగట్టి పొలాలు చేసిన ప్రాంతం. బాటిషమ్, లోడ్ ఊళ్ళ మీదుగా వికెన్ ఫెన్, అక్కడి నుంచి 11వ నంబరు సైకిల్ రూట్ పట్టుకుని బార్‌వే, ఈలీ. కొండలు ఎక్కాలనే సైకిల్ మిత్రులు ఇటు రారు, బోర్ అంటారు. నాకేమో ఇక్కడే ప్రాణం లేచొస్తుంది. మాది భీమవరం పక్క ఊరు. చదునైన నేల, కాలువ గట్టు, కనుచూపు మేర పొలం, పైన పెద్ద ఆకాశం, ఇవన్నీ నాకు పుట్టింటి వస్తువులు. పొలాల మధ్య రోడ్డును ఇక్కడ డ్రోవ్ అంటారు, అచ్చం మన పుంతే. ఈలీ కూడా ఒకప్పుడు చుట్టూ చిత్తడి నీళ్ళున్న మెరక, అంటే మన కొల్లేటి లంక లాంటి ఊరు. ఒక్కటే తేడా. మన కాలువ పొలానికి నీళ్ళు తెస్తుంది, ఇక్కడి కాలువ పొలంలోంచి నీళ్ళు తీసుకుపోతుంది. నది పైన పారుతుంటే పొలం దానికన్నా కింద ఉంటుంది. గట్టెక్కి చూస్తే ఒకవైపు పడవ, రెండోవైపు దానికన్నా పల్లంలో బీట్ దుంపల చేను. మొదటిసారి చూసినప్పుడు నేను సైకిల్ దిగి నిలబడిపోయాను.

నా టైరు చిరగడానికి కూడా ఈ నేలే కారణం కాబట్టి ఇంకో నాలుగు మాటలు చెప్తాను. 17వ శతాబ్దంలో వెర్ముయ్‌డెన్ అనే డచ్ ఇంజనీరు ఆధ్వర్యంలో కాలువలు తవ్వి ఈ చిత్తడిని ఎండగట్టారు. అడుగున ఉన్నది వేల ఏళ్ళపాటు రెల్లు, నాచు కుళ్ళి తయారైన నల్లటి పీట్ మట్టి. నీళ్ళు పోగానే అది ఎండి కుంచించుకుపోవడం మొదలైంది. నేల దిగేకొద్దీ నీళ్ళు పైకి తోడాల్సి వచ్చింది. ముందు గాలిమరలు, తర్వాత ఆవిరి ఇంజన్లు, ఆ తర్వాత డీజిల్, ఇప్పుడు కరెంటు పంపులు. పీటర్‌బరో దగ్గర హోమ్ ఫెన్‌లో 1851లో ఒక ఇనప స్తంభాన్ని నేలమట్టంగా పాతారు. ఇప్పుడది దాదాపు 4 మీటర్లు పైకి కనిపిస్తుంది. స్తంభం లేవలేదు, నేలే దిగిపోయింది. రోడ్లు కూడా ఆ నేల మీదే కదా వేసింది, అందుకే అలల్లా వంగుతాయి, అంచుల వెంట పొడుగ్గా పగుళ్ళిస్తాయి.

శనివారం ప్రిక్‌విల్లో అనే ఊరు దాటాక, లార్క్ నదికి కాస్త దూరంలో, సరిగ్గా అలాంటి పగులులోనే నా వెనక చక్రం దిగింది. ఎదురుగాలికి తలొంచుకుని తొక్కుతున్నాను, చూసుకోలేదు. టప్ మని చప్పుడైంది. దిగి చూస్తే టైరు పక్కభాగం బొటనవేలంత మేర చిరిగి ఉంది. దగ్గరున్న ఒక్క కొత్త ట్యూబూ వేసి గాలి కొట్టాను. ఆ చిరుగులోంచి ట్యూబు చిన్న బుడగలా బయటకు ఉబ్బుతూ వచ్చింది. ఉబ్బుతోందని తెలుస్తూనే ఉంది, ఇంకో రెండు సార్లు కొట్టేలోపు అదీ పేలిపోయింది. ప్యాచ్ డబ్బా తీస్తే జిగురు ఎండిపోయి రాయిలా ఉంది. అక్టోబరు కదా, టైము నాలుగున్నర, ఆరింటికల్లా పొద్దు గూకుతుంది. ఫోన్లో 14 శాతం. చుట్టూ నల్లటి దుక్కి తప్ప పిట్ట కూడా లేదు. అప్పుడు పెట్టిన మెసేజే మీరందరూ చూసింది. నిజం చెప్తున్నాను, ఏడుపొచ్చింది.

పెడల్‌కు బిగిసే క్లీట్ బూట్లతో సైకిల్ తోసుకుంటూ పది నిమిషాలు నడిచానో లేదో, వెనక నుంచి "ఆల్ రైట్?" అని వినపడింది. నీలం జెర్సీ వేసుకున్న పెద్దావిడ. అరవై దాటి ఉంటాయి. నేను చెప్పడం పూర్తికాకముందే దిగి టైరు వంచి చూసి, "ట్యూబు నా దగ్గరుంది, ముందు ఈ చిరుగు సంగతి చూడాలి" అన్నారు. సన్నగా వాన మొదలైంది. తన సైకిల్ మీద తాను హాయిగా వెళ్ళిపోవచ్చు. వెళ్ళకుండా నాతోపాటు తోసుకుంటూ నడిచారు, దూరంగా కనిపిస్తున్న ఒకే ఒక్క ఇంటిదాకా.

ఆ ఇంటి పెద్దాయన రైతు. ఇద్దర్నీ చూసి ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా షెడ్డు తలుపు తీసి లైటు వేశారు, ట్రాక్టర్ సామాన్లు పక్కకు జరిపి బల్ల ఖాళీ చేశారు. అక్కడ జరిగింది నేను జీవితంలో మర్చిపోను. ఆవిడ పర్సులోంచి అయిదు పౌండ్ల నోటు తీసి, నాలుగు మడతలు పెట్టి, టైరు లోపలి వైపు చిరుగుకు అడ్డంగా పెట్టారు. 2016 నుంచి వస్తున్న ఈ నోట్లు కాగితం కావు, ప్లాస్టిక్. తడికి నానవు, అంత తేలిగ్గా చిరగవు. నోటు మీది చర్చిల్ మొహం టైరుకు ఆనించి, ట్యూబు కొంచెం గాలితో దాని మీదకు జాగ్రత్తగా జరిపి, టైరు అంచును రెండు బొటనవేళ్ళతో రిమ్ములోకి నొక్కారు. టైరు ఎక్కించే లివర్ కూడా వాడలేదు. ఆ వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి, కీళ్ళ నొప్పులున్నట్టు తెలుస్తోంది. నేను నొక్కుతానంటే వినలేదు. గాలి కొడుతూ మధ్యమధ్యలో ఆగి చిరుగు మీద వేలు పెట్టి చూశారు. ఉబ్బలేదు.

ఈలోపు పెద్దాయన భార్య పాలు పోసిన టీ, రెండు బిస్కెట్లు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ ఇంటి గుమ్మం ముందు మూడు మెట్లున్నాయి. తన చిన్నప్పుడు ఒక్కటే ఉండేదని, నేల దిగేకొద్దీ కిందనుంచి మెట్టు చేర్చుకుంటూ వచ్చామని పెద్దాయన చెప్పారు. పుస్తకంలో చదివిన ఆ ఇనప స్తంభం కన్నా ఆ మెట్లు చూశాకే నాకు ఈ నేల అర్థమైంది.

ఈలీ దాకా ఆవిడ నన్ను ఒంటరిగా పంపలేదు. గాలి ఇంకా పెరిగింది. "నా వెనక చక్రానికి దగ్గరగా ఉండు" అని తాను ముందు తొక్కారు. ఫెన్స్‌లో గాలికి అడ్డం ఉండదు, ఎదురుగా వస్తే కొండ ఎక్కినట్టే. ఆ గాలంతా తన ఒంటి మీద తీసుకుని, గుంట వస్తే చెయ్యి కిందకు చూపిస్తూ, నాకు తగ్గట్టు వేగం తగ్గించుకుంటూ తీసుకొచ్చారు. చీకట్లో ఈలీ కెథెడ్రల్ దీపాలు కనిపించాక కానీ నా గుండె కుదుటపడలేదు. దాన్ని ఫెన్స్ ఓడ అని ఎందుకంటారో ఆ రాత్రి తెలిసింది. స్టేషన్ దగ్గర నోటు డబ్బులైనా తీసుకోమంటే నవ్వారు. "రేపే టైరు మార్చు, ఆ నోటు మీద నెలల తరబడి తొక్కకు" అని చెప్పి వెనక్కి తిరిగారు. ఆవిడ పేరు అడగడం నాకు అప్పుడు తోచలేదు. ఇప్పటికీ బాధగానే ఉంది.

స్టేషన్ బయట ఈలీలో ఉండే మన అన్నయ్య, వదినగారు కారులో కూర్చుని ఉన్నారు. "బాగైపోయింది, రావద్దు" అని నేను మెసేజ్ పెట్టినా వినకుండా, తడిసి ఉంటావని పొడి స్వెట్టరు, డబ్బాలో పులిహోర పట్టుకుని వచ్చారు. రైలు ఎక్కేదాకా ప్లాట్‌ఫాం మీదే నిలబడ్డారు. వదినగారూ, ఆ పులిహోర కేంబ్రిడ్జి వచ్చేలోపే అయిపోయింది. ఫోన్ చార్జింగ్ అయిపోయేలోపు మా ఆయనకు కబురు అందించిన ఇద్దరు చెల్లెళ్ళకూ, కారు తీస్తామన్న అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. నీలం జెర్సీ ఆవిడకు ఈ అక్షరాలు చదవడం రాదని తెలుసు. అయినా ఆవిడకు చెప్పుకోవాల్సింది నా భాషలోనే సరిగ్గా వస్తుంది. అమ్మా, మీ మేలు మర్చిపోను.

టైరు ఆదివారమే మార్చాను. నోటు తీస్తే చిరుగు ఉన్నచోట నల్లటి గీత పడింది, అంతే. వచ్చే శనివారం మళ్ళీ ప్రిక్‌విల్లో వెళ్తున్నాను, పెద్దాయన ఇంటికి సున్నుండల డబ్బాతో. సీటు కింద సంచిలో ఈసారి రెండు ట్యూబులు, మడత పెట్టిన ఆ నోటు కూడా ఉంటాయి.