బీరువా మీది పెట్టె

చి. అమ్మలుకు,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. నాన్నగారి మోకాలు కాస్త నయం, మేడమెట్లు ఎక్కొద్దంటే మాత్రం వినరు. ప్రత్యేకంగా చెప్పాల్సిన కబురంటూ ఏమీ లేదు. ఫోన్లో బుజ్జిగాడి గోలలో సగం మాటలు సగంలోనే ఆగిపోతున్నాయని రాస్తున్నాను.

మొన్న చిన్నత్త మీ దగ్గర్నుంచి వచ్చింది. చిట్టితల్లి అచ్చం నీలాగే నిద్రలో పళ్ళు కొరుకుతోందట. మాటల్లో మాటగా, వయొలిన్ పెట్టె బీరువా మీద సూట్‌కేసుల కింద ఉందంది. నేనేమీ అనుకోలేదు. కానీ అక్కడ పెట్టకూడదమ్మా. గదిలో వేడంతా పైకే చేరుతుంది, వయొలిన్ అతుకులన్నీ వజ్రం జిగురుతో అతికినవి, వేడికి పట్టు వదిలేస్తాయి. కమాను వెంట్రుకలు వదులు చేసే పెట్టావా? తీగలు మాత్రం నాలుగూ ఒక్కసారే వదులు చెయ్యకు. తీగల్ని మోసే బ్రిడ్జి పడిపోతుంది, లోపల నిలబెట్టిన సౌండ్‌పోస్ట్ పుల్ల కూడా ఒరిగిపోవచ్చు.

పెద్దాడి పరీక్షలు అయ్యాయా? వాడి కళ్ళజోడు మార్చాలన్నావు, మార్చారా?

నా వీణ సంగతి నీకు పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు. నువ్వు కడుపులో ఉండగా పక్కన పెట్టాను, ఒక నెల ఆగుదామని. సాధన అంటే శ్రుతి చేసుకుని, వర్ణం రెండు కాలాలు వాయించి, ఆపైన కీర్తన. గంటకు తక్కువైతే అది సాధనే కాదని నాకు పట్టుదల. ఆ గంట కోసం ఎదురుచూశాను. నువ్వు నిద్రపోతే బట్టలు మడతపెట్టేదాన్ని, నువ్వు లేస్తే నీ వెంట పరుగు, రాత్రికి కళ్ళు మూతలు పడేవి. అలా నాలుగేళ్ళు గడిచాయి. ఒకరోజు గలీబు తీసి చూస్తే మెట్లను పట్టి ఉంచే మైనం బీటలు వారి ఉంది. 24 మెట్లలో పై స్థాయివి రెండు పక్కకు ఒరిగాయి. సారణి తీగ నిండా నల్లమచ్చలు. గాంధారం మీద వేలు పెడితే ఏదో స్వరం పలికింది. వేళ్ళమీది కాయలు ఎప్పుడో మెత్తబడిపోయాయి, పది నిమిషాలకే తీగ గాట్లు పడి మంట. మేళం కట్టించాను, అంటే కొత్త మైనంలో మెట్లు పెట్టించాను. మెట్లన్నీ మళ్ళీ నిలబడ్డాయి. వేళ్ళు కూడా రెండు నెలలకు దారికొచ్చాయి. రానిది ఒక్కటే. హిందోళ రాగంలో నేనే కట్టుకున్న చిట్టస్వరం, కీర్తనలో వాయించే స్వరాల వరస, ఒకటుండేది, ఎక్కడా రాసుకోలేదు. మొదటి ఆవర్తనం గుర్తుంది, రెండోది పోయింది. ఇవాళ్టికీ వెతుకుతూనే ఉన్నాను.

ఆ తర్వాత ఇక గంట కోసం ఆగలేదు. పావుగంట దొరికితే పావుగంటే. ఒక్కోరోజు శ్రుతి చేసి, ఒక్క సంచారం వాయించి లేచేదాన్ని. నువ్వొచ్చి వీణ కుండకు చెవి ఆనించి కూర్చునేదానివి. మొదట్లో కసిరేదాన్ని, తర్వాత కసరడం మానేశాను. అందుకే చెబుతున్నా, పిల్లలు పడుకున్నాకే వాయించాలని పెట్టుకోకు. వాళ్ళు ఆడుకుంటుంటే పక్కన కూర్చుని వాయించు. పడుకున్న వేళ అయితే బ్రిడ్జి మీద రబ్బరు మ్యూట్ పెట్టుకో, పక్కగదికి అంతగా వినపడదు. బాణీ తడితే ఫోన్లో కూనిరాగం తీసి పెట్టు, ఏ రాగం, ఏ తాళం అన్నది నోటితోనే చెప్పు, లేకపోతే నెల తర్వాత నీకే అర్థం కాదు. అయిపోయేదాకా కూర్చోవాలనీ అనుకోకు. పల్లవి సగంలో, తర్వాతి స్వరం ఏమిటో తెలిసినచోట ఆపెయ్. మర్నాడు అక్కడే అందుకోవచ్చు. ఒకరోజు సాధనకు, ఒకరోజు కొత్తది కట్టడానికి. రెండూ ఒకే పూట పెట్టుకుంటే ఏదీ సాగదు.

ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే మొదలుపెట్టాను, ఏం చెయ్యను.

జర్మనీ పియానో విద్వాంసురాలు క్లారా షూమన్ గురించి నాకు చెప్పింది నువ్వే, గుర్తుందా? ఎనిమిదిమంది పిల్లలు. భర్త సంగీతం రాసుకుంటుంటే ఆవిడ పియానో మూసే ఉంచాల్సి వచ్చేదన్నావు. 1853లో ఇల్లు మారాక ఆయనకు అడ్డం లేకుండా వాయించుకునే చోటు దొరికింది, ఆ వేసవిలోనే వరసగా రాసేసింది. నువ్వు వాయించిన వయొలిన్, పియానో ముక్కలు మూడూ అప్పటివే కదా. ఆ మాట చెప్పినప్పుడు నీ ముఖం నాకింకా కళ్ళముందే ఉంది. అల్లుడికి చెప్పి రోజూ ఒక అరగంట, ఒక గది, తలుపు వేసుకునేలా అడుగు. అతను కాదనడు. నువ్వు అడగవు, అదే నా బెంగ.

ఇంకో మాట. వయొలిన్ చూడ్డానికి ఎవరో ఒకాయన వచ్చి వెళ్ళాడని కూడా చిన్నత్త అంది. ఎందుకొచ్చాడో నేనడగను. బాగుచెయ్యడానికే అయ్యుంటాడని నాన్నగారు అంటున్నారు. ఈ వారంలో ఒకసారి ఫోన్ చెయ్యి, పిల్లలు మెలకువగా ఉన్నా ఫర్వాలేదు.

ఆ పెట్టె కిందికి దించండి. నువ్వు స్టూలు ఎక్కకు, నీ నడుం సంగతి తెలిసిందే. అల్లుణ్ణి దించమను, ముందు సూట్‌కేసులు తీశాక.

మీ అమ్మ