తాతకు చెవుడైతే నవ్వాలా?

సంపాదకుల గారికి,

పది రోజుల కిందట మీ సినిమా పేజీలో హాస్య పాత్రల మీద వచ్చిన వ్యాసం చదివాను. అందులో ‘చెవిటి తాత’ వేషాన్ని మెచ్చుకున్న తీరు ఇంకా మనసులోంచి పోలేదు. ‘తాతా, భోజనానికి రా’ అంటే ‘భజనా? ఏ గుడిలో?’ అంటాడు, హాలంతా నవ్వుతుంది. ఎన్నేళ్లు ఇదే? చెవుడు, కట్టుడు పళ్లు, దగ్గు, లేదంటే మనవరాలి వయసు పిల్లల వెంట పడే ముసలాయన. బామ్మ అయితే నోటికొచ్చినట్టు తిట్టాలి.

మాది పర్లాకిమిడి. మా ఆయనకు 71 ఏళ్లు, కుడి చెవి సరిగా వినపడదు. పెన్షన్ డబ్బులు కూడబెట్టి కొన్న చెవి మిషన్ బీరువాలోనే ఉంది. పోయిన ఎండాకాలం పాతపట్నంలో ఒక పెళ్లికి వెళ్తే, ఎవరో కుర్రాడు ఆయన ముందే ఆ భజన డైలాగు కొట్టాడు. పక్కనున్న పెద్దలూ నవ్వారు. అప్పటినుంచి నలుగురిలో ఆయన మాట్లాడడం లేదు.

గిడుగు రామమూర్తి గారు చాలా ఏళ్లు పనిచేసింది మా ఊళ్లోనే. సవర గిరిజనుల భాష కోసం కొండల్లో తిరిగి, మలేరియాకు క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. ఆ చెవులతోనే వాడుక భాష కోసం పోరాడారు. ఆయన సవర నిఘంటువు 1938లో అచ్చయ్యేనాటికి 75వ ఏడు. అలాంటి తాత మన తెరమీద ఎప్పుడైనా కనిపించాడా?

పెద్దవాళ్ల మీద హాస్యమే వద్దని నేననను. మా ఇంట్లోనే కావలసినంత ఉంది. కరివేపాకు తెమ్మని మూడుసార్లు అరిచినా వినపడని మనిషికి, పక్కింటి అరుగుమీద పేక కలిపే చప్పుడు వినపడుతుంది! ఆ గడుసుతనం చూపించండి, ముందు నేనే నవ్వుతాను. 2012లో వచ్చిన ‘మిథునం’లో ఉన్నది ఇద్దరే, ఇద్దరూ వయసు మళ్లినవాళ్లే. బాలసుబ్రహ్మణ్యం గారి తిండి యావకీ, లక్ష్మి గారి విసుగుకీ కడుపారా నవ్వుకున్నాం. ఎవరి అవిటితనమూ అవసరం కాలేదు.

సినిమావాళ్లనే అనడం ఎందుకు? రైళ్లలో మగవాళ్లకు 40 శాతం, ఆడవాళ్లకు 50 శాతం ఉన్న వృద్ధుల రాయితీ 2020 మార్చిలో ఆపేశారు. కరోనా పోయింది, రాయితీ తిరిగి రాలేదు. హైదరాబాదులో అబ్బాయి దగ్గరికి వెళ్లాలంటే ఇద్దరికీ పూర్తి ఛార్జీ. బ్యాంకులో ఈయన రెండోసారి అడిగితే ‘ఇంట్లో ఎవరైనా ఉంటే తీసుకురండి’ అని పక్కన నిలబెట్టారు. వెనక లైన్లో మళ్లీ అదే నవ్వు. 2011 లెక్కల్లోనే 60 దాటినవాళ్లు దేశంలో 10 కోట్లకు పైగా ఉన్నారు. ఇంతమందిని పక్కన నిలబెడతారా?

మీరొక పని చేయండి. పెద్ద వయసు నటీనటులనే అడిగి, వాళ్లకు ఎలాంటి వేషాలు వస్తున్నాయో, ఏవి చేయడానికి మనసొప్పడం లేదో రాయండి. మా ఆయన మీ పేపరు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదువుతారు. కళ్లు బాగానే ఉన్నాయి.

- ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా