ప్రెప్ గోలి మధ్యలో ఎందుకు ఆగిపోతోంది?

సంపాదకుడు గారికి,

హెచ్‌ఐవీ సోకకుండా రోజుకొకటి వేసుకునే ప్రెప్ గోలి సంగతి మన కుర్రాళ్లకు మెల్లగా తెలుస్తోంది. టెనోఫోవిర్ 300, ఎంట్రిసిటబిన్ 200 మిల్లీగ్రాములు కలిపిన ఒకే గోలి. మొదలుపెట్టించడం పెద్ద పనేం కాదు, ఆపకుండా వేసుకునేలా చూడటమే కష్టం. మానేసినవాళ్లది బద్ధకమని తేల్చేయడం అన్యాయం.

మొదట్లో కొందరికి కడుపులో తిప్పుతుంది, తల నొస్తుంది. కొన్ని వారాల్లో తగ్గుతుందని ముందే చెప్పకపోతే 'నాకు పడలేదు' అని పక్కన పెట్టేస్తారు. తర్వాత దావత్‌లు. తాగిన రోజు గోలి వేసుకోవద్దని మనవాళ్ల లెక్క. ఈ గోలికి మద్యంతో పేచీ లేదు, తాగి మర్చిపోవడంతోనే పేచీ. కాబట్టి రాత్రిపూట కాకుండా పొద్దున పళ్లు తోముకోగానే వేసుకొమ్మనాలి. మరిస్తే గుర్తొచ్చినప్పుడు ఒకటి చాలు, మర్నాటికి రెండు కలపొద్దు. ఒంటి నొప్పులకు రోజూ డైక్లోఫెనాక్ మింగే హమాలీలు మాత్రం డాక్టరుకు చెప్పాలి. రెండూ కలిస్తే కిడ్నీలకు ముప్పు.

అసలు చిక్కు డబ్బాతో. 30 గోలీల డబ్బా, కదిపితే గలగలమంటుంది. టెనోఫోవిర్‌ను హెచ్‌ఐవీ చికిత్సలోనూ వాడతారు కాబట్టి, హనుమకొండ హాస్టల్ గదిలో పక్కవాడు లేబుల్ మీది పేరు ఫోన్‌లో వెతికితే ఇక అంతే. వారానికి సరిపడా ఏడు గోలీలు చిన్న డబ్బీలో దూది పెట్టి ఉంచుకుంటే చప్పుడు రాదు. మిగతావి అసలు డబ్బాలోనే, తేమ పీల్చే పొట్లం తీయకుండా ఉంచాలి.

నాలుగైదు వారాలు ఆపి, పరీక్ష లేకుండా పాత డబ్బా మళ్లీ తెరవడం అన్నిటికన్నా ప్రమాదం. ఆలోపు వైరస్ సోకి ఉంటే ఈ రెండు మందులు దాన్ని అణచలేవు. పైగా వైరస్ మందుకు లొంగకుండా మొండికేయొచ్చు. హెపటైటిస్-బి ఉన్నవాళ్లు హఠాత్తుగా ఆపితే కాలేయం దెబ్బతినొచ్చు. అందుకే మొదలుపెట్టే ముందు హెచ్‌ఐవీ, హెపటైటిస్-బి పరీక్షలు, ఆ తర్వాత మూడు నెలలకోసారి హెచ్‌ఐవీ పరీక్ష తప్పదు. సిఫిలిస్ లాంటి సుఖవ్యాధులను ఈ గోలి ఆపదు, కండోమ్ ఉండాల్సిందే.

ప్రభుత్వ ఐసీటీసీల్లో (హెచ్‌ఐవీ సలహా, పరీక్షా కేంద్రాల్లో) హెచ్‌ఐవీ పరీక్ష ఉచితమే. కానీ పగటి కూలి వదులుకొని ఎవరొస్తారు? వరంగల్, కరీంనగర్‌లలో వారానికి ఒక్కరోజైనా సాయంత్రం ఎనిమిది దాకా తెరిచి, పరీక్ష, డాక్టరు చీటీ అదే పూట అయ్యేలా చూడాలి. వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 హెచ్‌ఐవీ-ఎయిడ్స్ చట్టమే చెబుతోంది, కాబట్టి వరండాలో పేరు పెట్టి పిలవడం మానాలి. గోలి మానేసిన రోజుల్లో కండోమ్ లేకుండా కలిస్తే 72 గంటల్లోపు ఆసుపత్రికి వస్తే 28 రోజుల మందు ఇస్తారని, సందేహాలకు 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చని చీటీ వెనకే రాసివ్వాలి.

- ఒక పాఠకుడు, హనుమకొండ