మరణదూత యముడు కాడు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో ఇస్లాం పరలోక విశ్వాసాలపై వచ్చిన వ్యాసం ఆసక్తికరంగానే ఉంది గానీ, మరణదూత అజ్రాయీల్‌ను యమధర్మరాజుతో సమానం చేయడం సరికాదు. ఖురాన్ 32వ అధ్యాయం 11వ వాక్యం ప్రాణాలు తీసే దూతను పేరు పెట్టకుండా 'మరణదూత' అని మాత్రమే అంటుంది. ఆయన దైవాజ్ఞను నెరవేర్చేవాడే తప్ప తీర్పు చెప్పేవాడు కాడు. మనిషి చేతలను నమోదు చేసే దూతల గురించి 50, 82 అధ్యాయాలు చెబుతాయి.

సమాధిలో ప్రశ్నించే దూతలు మున్కర్, నకీర్‌ల పేర్లు మాత్రం ఖురాన్‌లో కాక హదీసుల్లో (ప్రవక్త ముహమ్మద్ మాటలు, చేతల ఉల్లేఖనాల్లో) వస్తాయి. నీ ప్రభువు ఎవరు, నీ ధర్మం ఏమిటి, నీ ప్రవక్త ఎవరు అని వారు అడుగుతారని విశ్వాసం. ఖననానికి వచ్చినవారు తలా మూడు దోసిళ్ల మట్టి వేశాక వెంటనే ఇళ్లకు మళ్లకుండా, ఆ ప్రశ్నల వేళ మృతుడికి నిలకడ ప్రసాదించమని సమాధి దగ్గరే కాసేపు నిలబడి వేడుకోవడం ఇందుకే. (వ్యాసంలో ఈ ఊసే లేకపోవడం ఆశ్చర్యం.)

మరణానికీ ప్రళయదినానికీ నడుమనుండే 'బర్జఖ్' దశను పునర్జన్మకు ముందరి మజిలీగా రాయడం మరీ పెద్ద పొరపాటు. ఇస్లాంలో పునర్జన్మ లేదు. ఇస్రాఫీల్ అనే దూత బాకా ఊదాక మృతులందరినీ తిరిగి లేపి లెక్క అడగడమే ఉంది. దీన్ని సవరిస్తూ వచ్చే వారం ఒక వివరణ ప్రచురించగలరని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కర్నూలు