ఆరు నెలల్లో చైనా వైద్యంలో డాక్టరేటా?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం దినపత్రిక మడతలో పెట్టి మా వీధిలో పంచిన ఒక కరపత్రం గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. సూదులు గుచ్చి చేసే ఆక్యుపంక్చర్‌లో, చైనా సంప్రదాయ వైద్యంలో డాక్టరేట్ ఇస్తారట. పదో తరగతి పాసైతే చాలట. ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు, ఆరు నెలల్లో పట్టా చేతికొస్తుంది. కింద ఎప్పుడూ వినని ఒక విదేశీ విశ్వవిద్యాలయం పేరు, ఒక సెల్ నంబరు ఉన్నాయి. చిరునామా మాత్రం లేదు.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఫిజియోథెరపిస్టును. నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది మిర్చి యార్డు మనుషులు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీలు, పొద్దస్తమానం వంగి కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్లు. మెడ, భుజం, నడుము నొప్పులకు మాత్రలు మింగి మింగి కడుపు పాడుచేసుకుని వస్తారు. ‘అమ్మా, సూదులు గుచ్చితే తగ్గుతుందంటగా, నిజమేనా?’ అని అడుగుతారు. వాళ్లకు నిజాయితీగా జవాబు చెప్పాలంటే ఈ శాస్త్రాన్ని ఎవరైనా కూలంకషంగా చదవాలి, పరీక్షించాలి. ఆక్యుపంక్చర్ మీద నాకు చిన్నచూపు లేదు. అందుకే ఈ కరపత్రం చూసి నాకు కోపం వచ్చింది.

మా క్లినిక్‌లో సాయంగా ఉండే అబ్బాయి ఇంటర్ చదివాడు. ఓర్పు ఉంది, చేతిలో పనితనం ఉంది. ఆ కాగితం తెచ్చి చూపించి, ‘మేడం, ఇది చేస్తే పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చంట. చిలకలూరిపేటలో గది తీసుకుని సొంతంగా పెట్టుకుంటాను’ అన్నాడు. వాళ్లమ్మ మెడలో గొలుసు తాకట్టు పెట్టడానికి సిద్ధపడిందట. పాఠం ఎవరు చెబుతారు నాయనా అని అడిగాను. ఫోనుకు పంపిస్తారట. సూది పట్టడం ఎవరు నేర్పుతారు? వీడియోలు ఉన్నాయట. మరి పరిశోధన గ్రంథం? దానికి వేరే రుసుము కడితే వాళ్లే రాసి పెడతారట.

చైనాలో ఈ చదువు ఎలా ఉంటుందో ఆ అబ్బాయికి ఎవరూ చెప్పలేదు. 1956లో బీజింగ్, షాంఘై, గ్వాంగ్‌జౌ, చెంగ్డూ నగరాల్లో సంప్రదాయ వైద్య కళాశాలలు పెట్టారు. అక్కడ మొదటి పట్టాకు అయిదేళ్లు పడుతుంది. ఆ తర్వాత మాస్టర్స్‌కు మూడేళ్లు, డాక్టరేట్‌కు సాధారణంగా మరో మూడేళ్లు. శరీర నిర్మాణం, రోగ నిర్ధారణ, ఆస్పత్రి వార్డులో శిక్షణ అన్నీ అందులో భాగమే. అమెరికాలో ఆక్యుపంక్చర్‌కు ఇచ్చే డాక్టరేట్ ఎక్కువగా వృత్తి పట్టా. పరిశోధనకు ఇచ్చే పీహెచ్‌డీ దానికి వేరు. ఇలాంటి తేడాలు తెలియని పిల్లల్నే ఈ కరపత్రాల వాళ్లు ఎంచుకుంటున్నారు.

అసలు ఈ విద్యలో పరిశోధన అంటే ఏమిటో ఒక్క ఉదాహరణ చెబుతాను. జర్మనీలో పాత నడుము నొప్పి ఉన్న 1162 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు చైనా శాస్త్రం చెప్పిన బిందువుల దగ్గర సూదులు పెట్టారు. రెండో గుంపుకు ఆ బిందువులు కాని చోట్ల పైపైన గుచ్చారు. మూడో గుంపుకు మందులు, వ్యాయామం వంటి మామూలు వైద్యం చేశారు. ఆరు నెలల తర్వాత చూస్తే మొదటి గుంపులో 47.6 శాతం మందికి, రెండో గుంపులో 44.2 శాతం మందికి, మూడో గుంపులో 27.4 శాతం మందికి మేలు కనిపించింది. ఈ ఫలితాలు 2007లో వచ్చాయి. మామూలు వైద్యం కంటే సూదులు మెరుగ్గా పనిచేశాయి, నిజమే. కానీ ఎక్కడ గుచ్చినా దాదాపు ఒకే ఫలితం వస్తే 361 బిందువుల పటం సంగతి ఏమిటి? మేలు చేసింది సూదా, రోగి నమ్మకమా, వైద్యుడు దగ్గర కూర్చుని గడిపిన సమయమా? ఈ ప్రశ్న పట్టుకుని ఏళ్లు గడిపినవాళ్లు డాక్టరేట్‌కు అర్హులు. మా యార్డు హమాలీల భుజాల మీద ఇలాంటి పరిశోధన ఎవరైనా చేస్తే నేను చేతనైన సాయమంతా చేస్తాను.

మూలికల విషయం ఇంకా సున్నితం. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికల మాత్రలు వాడిన ఆడవాళ్లకు మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. బాధితులు వందమందికి పైగా తేలారు. వాడాల్సిన ‘ఫాంగ్ జీ’ అనే వేరు స్థానంలో పేరు దగ్గరగా ఉండే మరో వేరు చేరింది. అది మన ఈశ్వర వేరు జాతికి చెందిన మొక్క. అందులోని ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుంది, క్యాన్సర్‌కూ దారితీస్తుంది. ఫోనుకు పంపిన పాఠాలతో ఆ రెండు వేర్ల తేడా ఎవరు గుర్తుపట్టగలరు?

ఇదే చైనా వైద్యం నుంచి మలేరియాకు గొప్ప మందు కూడా వచ్చింది. వినాయక చవితి పత్రిలో మనం వాడే మాచిపత్రి జాతి మొక్క ఒకటి ఉంది. దాని రసం పిండి తాగమని పాత గ్రంథంలో ఉన్న మాట చదివి, వేడి చేస్తే గుణం పోతోందని చైనా శాస్త్రవేత్త తూ యూయూ గ్రహించారు. తక్కువ వేడిలో సారం తీశారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆమెకు డాక్టరేట్ లేదు. పట్టా కోసం తాకట్టుకు వెళ్లబోతున్న పిల్లలకు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

మన చట్టం మాటకొస్తే, 1956 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం ప్రకారం అధికారం ఉన్న విశ్వవిద్యాలయాలు తప్ప ఎవరూ డిగ్రీలు ఇవ్వకూడదు. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు పట్టాలి. విదేశీ సంస్థల పేరుతో ఆన్‌లైన్‌లో ఇచ్చే పీహెచ్‌డీలు చెల్లవని 2022లో యూజీసీ హెచ్చరించింది. కేంద్ర ప్రభుత్వం 2003లో ఆక్యుపంక్చర్‌ను ఒక చికిత్సా విధానంగా ఒప్పుకుంది. డాక్టర్ అనే పదం గుర్తింపు పొందిన వైద్య పద్ధతుల వాళ్లే వాడాలని కూడా అదే ఉత్తర్వులో రాష్ట్రాలకు చెప్పింది.

ఇది పట్టా గొడవ మాత్రమే అయితే నేను ఇంత రాయను. మెడకూ భుజానికీ మధ్య ఉండే కండరం కిందే ఊపిరితిత్తి పైకొన ఉంటుంది. బరువులు మోసేవాళ్లకు నొప్పి ఎక్కువగా ఉండేది సరిగ్గా అక్కడే. సూది లోతు, కోణం తప్పితే ఛాతీలోకి గాలి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. సన్నటి మనుషుల్లో ఆ ప్రమాదం మరీ ఎక్కువ. హమాలీలు చాలామంది సన్నగానే ఉంటారు.

పశ్చిమ బెంగాల్ 1996లోనే ఆక్యుపంక్చర్‌కు చట్టం చేసింది. 1959లో చైనా నుంచి ఈ విద్య నేర్చుకుని వచ్చిన డాక్టర్ బిజయ్ కుమార్ బసు కలకత్తాలో వేసిన పునాది దానికి వెనుక ఉంది. మహారాష్ట్ర కూడా చట్టం చేసుకుంది. మన ప్రభుత్వం ఆ రెండు చట్టాలనూ తెప్పించుకుని చదవాలి. విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం ఇప్పటికే వైద్యం, ఫిజియోథెరపీ, ఆయుర్వేదం చదివినవాళ్లకు ఆస్పత్రి శిక్షణతో ఆక్యుపంక్చర్ కోర్సు, ఆపైన పరిశోధన మొదలుపెడితే ఎంతో బాగుంటుంది. ఇంటర్ చదివిన మా అబ్బాయి లాంటివాళ్లకు సహాయక శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇవ్వాలి. వాళ్ల ఆశ తప్పు కాదు, దానికి సరైన దారి కావాలి.

అవన్నీ జరగడానికి సమయం పడుతుంది. ఈలోగా యూజీసీ ప్రకటించిన నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను మీ జిల్లా పేజీలో అచ్చువేయండి. కరపత్రాలు పెట్టే ఏజెంట్లకు కూడా ఒక మాట చెప్పండి. మా అబ్బాయి ఇంకా డబ్బు కట్టలేదు. నెలాఖరు గడువు అని ఆ నంబరు నుంచి రోజూ ఫోను వస్తోంది. వాళ్లమ్మ నా మాట కంటే పత్రికలో పడిన మాటను ఎక్కువ నమ్ముతుంది. కాబట్టి నెలాఖరులోపే ఈ ఉత్తరం ప్రచురించమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు,
బ్రాడీపేట, గుంటూరు