ఆదివారం బ్రహ్మానందం గారి క్లిప్పులు – కట్ చేసేవాళ్లకి

అందరికీ నమస్కారం. ఆదివారం కూకట్‌పల్లిలో వేసే క్లిప్పులు కట్ చేసేవాళ్లు ఒక్కసారి ఇది చదవండి.

మొదట ‘అహ నా పెళ్లంట’ (1987, జంధ్యాల). అరగుండు (బ్రహ్మానందం గారి పాత్ర) తన యజమాని కోట శ్రీనివాసరావు గారిని గొణుగుతూ తిడతాడు, ఆయన నిలదీయగానే మాట మార్చేస్తాడు. నవ్వంతా తిట్టులో కాదు, ఆ మార్చడంలో ఉంది. అందుకే డైలాగ్ అయిపోగానే కట్ చేయొద్దు, మొహం మీద కనీసం 2 సెకన్లు ఉంచండి. గొణుగుడు కాబట్టి సౌండ్ ముందే పెంచుకోండి. లేదంటే ఫ్యాన్ల హోరులో వెనక వరుసకి ఒక్క ముక్క వినపడదు.

తర్వాత ‘మనీ’ (1993) ఖాన్ దాదా పాత్ర క్లిప్పు, 40 సెకన్లు చాలు.

చివర్లో ‘రంగమార్తాండ’ (2023). అది ఏడిపించే వేషం. కామెడీ పక్కనే అతికిస్తే జనం అలవాటుకొద్దీ నవ్వేస్తారు, సీన్ చచ్చిపోతుంది. మధ్యలో 5 సెకన్లు ఖాళీ తెర వేయండి.

స్లైడులో: అత్తిలిలో తెలుగు లెక్చరర్, 2009లో పద్మశ్రీ. గిన్నిస్ రికార్డు ఇచ్చింది నటించిన సినిమాల సంఖ్యకి. “ప్రపంచ నంబర్ వన్ కమెడియన్” అని రాసిన పాత స్లైడు తీసేయండి. మీమ్స్ మాత్రం వద్దు బాబూ, అవి అందరి ఫోన్లలో ఉన్నవే.